రౌటర్ దగ్గరే అడ్రస్ ఖాయం చేయడం: డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పనిచేసే తీరు, తప్పే చోట్లు

ప్రింటర్‌కు కరెంటు ఉంది, వైఫై లైటు వెలుగుతోంది, ట్రేలో కాగితాలూ ఉన్నాయి. అయినా కంప్యూటర్ మాత్రం దాన్ని 'ఆఫ్‌లైన్' అంటుంది. ఇలాంటప్పుడు డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఒకసారి ప్రింటర్ మెనూలోకి వెళ్లి దాని ఐపీ అడ్రస్ చూడటం మంచిది. కంప్యూటర్ ఇంకా 192.168.1.104కే పేజీలు పంపుతూ ఉండొచ్చు. ప్రింటరేమో కరెంటు పోయి వచ్చాక 192.168.1.107కి మారిపోయి ఉండొచ్చు. ఇక్కడ ఏదీ పాడవలేదు. రౌటర్ కూడా తన పని సరిగానే చేసింది. అది అడ్రస్‌లను గడువు పెట్టి అప్పుగా ఇస్తుంది, ఆ అప్పునే లీజు అంటారు. ప్రింటర్ ఆగి ఉన్న సమయంలో 104 లీజు గడువు తీరింది, ఈలోగా ఇంకో ఫోన్ వచ్చి అడిగింది, ఇచ్చేసింది.

ఫోన్లు, టీవీల విషయంలో ఈ మార్పు ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. అవి బయటకు వెళ్లి అడిగేవే తప్ప, వాటిని వెతుక్కుంటూ ఎవరూ రారు. సమస్యల్లా ఇతరులు వెతుక్కుంటూ వచ్చే పరికరాలతోనే. ప్రింటర్, ఫైల్ సర్వర్, కెమెరా రికార్డర్, ప్రకటనలను అడ్డుకునే సొంత డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైట్ పేర్లను అడ్రస్‌లుగా మార్చేది), పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి పరికరానికి మళ్లించడం) పెట్టిన గేమ్ కన్సోల్ లాంటివి ఆ కోవలోకి వస్తాయి. వీటికి అడ్రస్ మారకూడదు.

మారకుండా ఉంచడానికి రెండు దారులున్నాయి. మొదటిది, పరికరం సెట్టింగుల్లోకే వెళ్లి అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రస్‌లు ఇదే నెట్‌వర్క్‌లోవో చెప్పేది), గేట్‌వే (బయటికి దారి, మామూలుగా రౌటరే), డీఎన్ఎస్ అన్నీ చేత్తో రాయడం. రెండోది, పరికరాన్ని 'ఆటోమేటిక్'లోనే వదిలేసి, 'ఫలానా పరికరం అడిగితే ఎప్పుడూ ఇదే అడ్రస్ ఇవ్వు' అని రౌటర్‌కు చెప్పడం. పరికరాలు అడిగితే రౌటర్ అడ్రస్ ఇచ్చే పద్ధతి డీహెచ్‌సీపీ కనుక, రెండో దానికి డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని పేరు. రౌటర్ మెనూల్లో ఇది ఒక్కో చోట ఒక్కో పేరుతో కనిపిస్తుంది. టీపీ-లింక్, నెట్‌గేర్ రౌటర్లలో 'అడ్రస్ రిజర్వేషన్', ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో 'స్టాటిక్ లీజ్', పీఎఫ్‌సెన్స్‌లో 'స్టాటిక్ మ్యాపింగ్'. మైక్రోటిక్‌లో అయితే లీజుల పట్టికలో ఉన్న వరుసను ఎంచుకుని 'మేక్ స్టాటిక్' నొక్కితే సరిపోతుంది. పేర్లు వేరైనా పని ఒక్కటే.

ఈ రెండు దారుల్లో రిజర్వేషనే మేలు. కారణం, అడ్రస్‌ల లెక్క అంతా ఒకే చోట ఉంటుంది. పది పరికరాల్లో చేత్తో రాసిన అడ్రస్‌లు ఆ పది పరికరాల లోపల దాక్కుని ఉంటాయి. వాటి గురించి రౌటర్‌కు ఏమీ తెలియదు. రేపు డీఎన్ఎస్ మార్చాలంటే పదింటి దగ్గరకూ వెళ్లాలి. స్క్రీన్ కూడా లేని కెమెరాలో తప్పు గేట్‌వే రాస్తే దాన్ని రీసెట్ చేయడం తప్ప వేరే మార్గం ఉండకపోవచ్చు. అయితే రిజర్వేషన్ పెట్టినా అడ్రస్ మారిపోయిందనే ఫిర్యాదులూ తక్కువేం కావు. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే, అడ్రస్ అడిగినప్పుడు రౌటర్‌కూ పరికరానికీ మధ్య నడిచే సంభాషణను కాస్త దగ్గరగా చూడాలి.

నాలుగు మాటల సంభాషణ

డీహెచ్‌సీపీ ప్రమాణాన్ని రాల్ఫ్ డ్రోమ్స్ రాశారు. మొదటి రూపం 1993 అక్టోబరులో వచ్చింది. ఇప్పటికీ పునాదిగా ఉన్న ఆర్ఎఫ్‌సీ 2131 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి) మాత్రం 1997 మార్చి నాటిది. దానికి ముందు అడ్రస్‌లివ్వడానికి బూట్‌పీ అనే పద్ధతి ఉండేది, అది 1985 నాటిది. అందులో ఏ మెషీన్‌కు ఏ అడ్రస్ అన్న పట్టికను అడ్మినిస్ట్రేటర్ ముందే రాసిపెట్టుకోవాలి, పట్టికలో లేని మెషీన్‌కు అడ్రస్ దక్కదు. అంటే చరిత్రలో ముందు వచ్చింది ఖాయం చేసిన అడ్రసే. గడువు పెట్టి అప్పు ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది. ఆర్ఎఫ్‌సీ 2131 మూడు పద్ధతులను ఒప్పుకుంటుంది. ఒకటి, పరికరానికి శాశ్వతంగా ఏదో ఒక అడ్రస్ ఇచ్చేయడం. రెండు, గడువుతో ఇవ్వడం. మూడు, అడ్మినిస్ట్రేటర్ నిర్ణయించిన అడ్రస్‌ను డీహెచ్‌సీపీ కేవలం చేరవేయడం. రిజర్వేషన్ అంటే ఈ మూడోదే. ఇదేదో రౌటర్ కంపెనీలు అదనంగా కలిపిన సదుపాయం అనుకుంటారు కానీ, ప్రమాణంలో మొదటినుంచీ ఉన్నదే.

కొత్తగా నెట్‌వర్క్‌లోకి వచ్చిన పరికరానికి తన అడ్రస్ తెలియదు, రౌటర్ అడ్రసూ తెలియదు. అందుకే 0.0.0.0 నుంచి 255.255.255.255కి, అంటే వినగలిగిన అందరికీ, ఒక కేక వేస్తుంది. దీన్ని డిస్కవర్ అంటారు. ఇది యూడీపీ పోర్ట్ 68 నుంచి 67కి వెళ్తుంది. ఆ ప్యాకెట్‌లో పరికరం తన గురించి చెప్పుకునే ముఖ్యమైన వివరం దాని హార్డ్‌వేర్ అడ్రస్, అంటే మ్యాక్. రౌటర్ మొదట ఆ మ్యాక్ తన రిజర్వేషన్ పట్టికలో ఉందేమో చూస్తుంది. ఉంటే ఆ వరుసలో రాసి ఉన్న అడ్రస్‌ను, లేకపోతే పూల్‌లో, అంటే పంచడానికి ఉంచుకున్న అడ్రస్‌ల వరసలో, ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుని ఆఫర్ పంపుతుంది. పరికరం 'సరే, ఆ అడ్రసే కావాలి' అని రిక్వెస్ట్ పంపుతుంది. ఇది కూడా అందరికీ వినపడేలానే ఉంటుంది, ఎందుకంటే ఆఫర్ ఇచ్చిన సర్వర్లు ఒకటికంటే ఎక్కువ ఉంటే, ఎవరి ఆఫర్‌ను ఒప్పుకున్నదీ మిగతావాటికి తెలియాలి. చివరగా రౌటర్ అక్నాలెడ్జ్ పంపుతుంది. అందులోనే సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్, లీజు గడువు ఉంటాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, తనకు వచ్చింది రిజర్వ్ చేసిన అడ్రస్ అని పరికరానికి తెలిసే మార్గమే లేదు. అది కూడా మామూలు లీజే. గడువు సగం అయ్యాక పునరుద్ధరణ అడగాలి. జవాబు రాకపోతే 87.5 శాతం దగ్గర అందరినీ అడగాలి. గడువు పూర్తిగా తీరితే అడ్రస్ వదిలేయాలి. రిజర్వేషన్ పెట్టాక కూడా పరికరం స్క్రీన్ మీద 'ఆటోమేటిక్' అనే కనిపిస్తుంది. దాన్ని చూసి సెట్టింగ్ పనిచేయలేదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఖాయం అయినది పరికరం లోపలి విషయం కాదు, రౌటర్ పట్టికలోని ఒక వరుస. ఆ వరుసకు ఎడమవైపు మ్యాక్, కుడివైపు ఐపీ. కుడివైపుది తనంతట తాను మారదు. తేడా వస్తే ఎడమవైపే వస్తుంది, లేదా ఆ పట్టికను చదవని ఇంకెవరో మధ్యలో జవాబిస్తారు. రిజర్వేషన్ తప్పిన సందర్భాల్ని వెతకాల్సింది ఈ రెండు వైపులే.

పాత లీజు మీద కొత్త రిజర్వేషన్

ప్రింటర్‌కు ఇప్పటికే 107 ఉంది. రౌటర్‌లోకి వెళ్లి దానికి 20 రిజర్వ్ చేశారు. సేవ్ నొక్కినా ప్రింటర్ 107లోనే ఉంటుంది. డీహెచ్‌సీపీలో సాధారణంగా అడిగేది క్లయింటే. రౌటర్ తనంతట తాను వెళ్లి 'నీ అడ్రస్ మారింది' అని చెప్పే పద్ధతి ఒకటి తర్వాత 2001లో ప్రమాణంగా వచ్చింది కానీ, ఇళ్లలో దాన్ని వాడటం కనబడదు. కాబట్టి లీజు సగం గడువు దాకా ఆగాలి, లేదా పరికరాన్ని ఒకసారి ఆపి ఆన్ చేయాలి.

ఆపి ఆన్ చేసినప్పుడు జరిగేది ఆసక్తిగా ఉంటుంది. చాలా పరికరాలు మళ్లీ మొదటినుంచి డిస్కవర్ పంపవు. పాత లీజు గుర్తుంది కాబట్టి సరాసరి 'నాకు 107 కావాలి' అని రిక్వెస్టే పంపుతాయి. రౌటర్ పట్టికలో ఆ మ్యాక్‌కు 20 అని ఉంది కనుక అది నిరాకరణ పంపుతుంది. దాన్ని ప్రమాణంలో నాక్ అంటారు. అప్పుడు పరికరం పాతది మరిచిపోయి డిస్కవర్‌తో మొదలుపెడుతుంది, 20 తీసుకుంటుంది. రౌటర్ లాగ్ తెరిచి చూస్తే ఈ తతంగం అంతా వరుసగా కనిపిస్తుంది: రిక్వెస్ట్ 107, నాక్, డిస్కవర్, ఆఫర్ 20, రిక్వెస్ట్ 20, అక్నాలెడ్జ్. లాగ్‌లో నాక్ కనబడగానే ఏదో లోపం అనుకునేవాళ్లున్నారు. ఇక్కడ మాత్రం అది రిజర్వేషన్ పనిచేస్తోందనడానికి గుర్తు.

విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్ నుంచి లీజు వదిలేసి మళ్లీ తీసుకోమనొచ్చు. ఫోన్లో వైఫై ఆపి ఆన్ చేయడం చాలు. కొన్ని కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గులు మాత్రం ప్లగ్ పీకి పెడితేనే దారికి వస్తాయి.

పూల్ లోపలా, బయటా

రిజర్వేషన్ లేని పరికరాలకు రౌటర్ పంచే అడ్రస్‌ల వరసే పూల్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ డిఫాల్ట్‌గా 100 నుంచి మొదలుపెట్టి 150 అడ్రస్‌లను, 12 గంటల లీజుతో పంచుతుంది. రిజర్వ్ చేసే అడ్రస్ ఈ వరసలో ఉండాలా, బయట ఉండాలా? ఇంటర్నెట్‌లో దీనికి రెండు జవాబులూ గట్టిగానే వినబడతాయి. రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు సాఫ్ట్‌వేర్‌ల విషయంలో.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో పాటు ఎన్నో చిన్న రౌటర్లలో పనిచేసేది డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్. దీనికి లోపలైనా బయటైనా ఒకటే. రిజర్వ్ చేసిన అడ్రస్‌ను అది ఇంకెవరికీ ఇవ్వదు. అడ్రస్ మాత్రం అదే సబ్‌నెట్‌లో ఉండాలి. విండోస్ సర్వర్‌లో రిజర్వేషన్ అనేది స్కోప్‌లో (సర్వర్ పంచే అడ్రస్‌ల పరిధిలో) భాగం, అంటే లోపలే పెట్టే అలవాటు. ఐఎస్‌సీ అనే సంస్థ తయారు చేసిన, చాలా కాలం సర్వర్లను ఏలిన ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ తీరు వేరు. దానిలో ఖాయం చేసిన అడ్రస్‌కు లీజు రికార్డే ఉండదు. ఆ అడ్రస్ పూల్ లోపల ఉంటే, పరికరం ఆగి ఉన్నప్పుడు దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేసే ప్రమాదం ఉంది. ఇచ్చే ముందు పింగ్ చేసి (ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అని పలకరించి) చూస్తుంది కానీ, ఆగి ఉన్న పరికరం పింగ్‌కు జవాబివ్వదు కదా. ఈ సాఫ్ట్‌వేర్ నిర్వహణను ఐఎస్‌సీ 2022లో ఆపేసింది. దాని స్థానంలో వచ్చిన కియా (కార్ల కంపెనీ కాదు, సర్వర్ పేరే అది) రెండు రకాలనూ విడివిడిగా గుర్తిస్తుంది. కొన్ని ఇంటి రౌటర్లయితే పూల్ బయటి అడ్రస్ టైప్ చేస్తే ఎర్రర్ చూపించి ఊరుకుంటాయి.

ఏ రౌటర్‌లో ఏ ప్రోగ్రామ్ ఉందో తెలియని చోట, పూల్‌ను కుదించి బయట పెట్టడమే భద్రం. 192.168.1.0/24 నెట్‌వర్క్‌లో వాడుకోదగ్గ అడ్రస్‌లు 254. రౌటర్ 1లో ఉంటే, 2 నుంచి 99 దాకా ఖాయం చేసే వాటికి, 100 నుంచి 249 దాకా పూల్‌కు వదిలితే మామూలు ఇంటికి ఎప్పటికీ ఇబ్బంది రాదు. బయట పెట్టడానికి రౌటర్ ఒప్పుకోకపోతే లోపలే పెట్టొచ్చు. అలా బలవంతం చేసే రౌటర్ ఆ అడ్రస్‌ను పక్కన ఉంచుతుందనే అనుకోవచ్చు. చేత్తో పరికరంలోనే రాసిన అడ్రస్ ఉంటే మాత్రం అది తప్పనిసరిగా పూల్ బయటే ఉండాలి, ఎందుకంటే దాని సంగతి రౌటర్‌కు తెలియదు.

డీఎన్ఎస్‌మాస్క్ గురించి ఇంకో మాట. పూల్‌లోంచి అడ్రస్ ఎంచుకునేటప్పుడు అది వరసగా వెళ్లదు. మ్యాక్‌ను హ్యాష్ చేసి, అంటే ఎప్పుడూ ఒకే ఫలితమిచ్చే లెక్కతో ఒక సంఖ్యగా మార్చి, దాని ఆధారంగా ఎంచుకుంటుంది. కాబట్టి లీజు తీరిపోయి వారం తర్వాత వచ్చినా అదే పరికరానికి మామూలుగా అదే అడ్రస్ దొరుకుతుంది. రిజర్వేషన్ పెట్టకుండానే ప్రింటర్ ఏళ్ల తరబడి ఒకే అడ్రస్‌లో ఉండటం, దాని యజమాని 'మా రౌటర్‌లో ఈ గొడవే లేదు' అనడం ఇందువల్లే. అది హామీ కాదు. పూల్ సరిహద్దులు మారినా, ఆ సమయానికి ఆ అడ్రస్‌లో వేరొకరు ఉన్నా లెక్క తప్పుతుంది.

మ్యాక్ మారితే

రిజర్వేషన్ తప్పడానికి ఇప్పుడు అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది ఇదే. మ్యాక్ అడ్రస్ 48 బిట్లు. అందులో సగం తయారీదారుకు కేటాయించిన సంఖ్య, మిగతా సగం ఆ తయారీదారు ఒక్కో కార్డుకు ఇచ్చేది. ఫ్యాక్టరీలో రాసేశాక అది మారదన్న నమ్మకం మీదే రిజర్వేషన్ పద్ధతి అంతా నిలబడింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 ఆ నమ్మకాన్ని తీసేశాయి. ఫోన్ ఎక్కడెక్కడ తిరుగుతోందో వైఫై మ్యాక్‌ను బట్టి ఎవరూ వెంబడించకుండా, ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత మ్యాక్ చూపించడం మొదలుపెట్టాయి. ఉద్దేశం మంచిదే. ఇంట్లో రిజర్వేషన్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం అది తలనొప్పి.

ఇక్కడ ఒక అపోహ ఉంది. కల్పిత మ్యాక్ అంటే రోజూ మారేదని కాదు. ఆండ్రాయిడ్ మామూలుగా ఒక వైఫై పేరుకు ఒక మ్యాక్ తయారు చేసుకుని దాన్నే పట్టుకుని ఉంటుంది. అందుచేత ఫోన్ నిజమైన మ్యాక్‌ను 'అబౌట్' పేజీలో చూసి రౌటర్‌లో రాస్తే పనిచేయదు కానీ, రౌటర్ తన క్లయింట్ల జాబితాలో చూపించే మ్యాక్‌ను రాస్తే పనిచేస్తుంది. వైఫై పేరో, సెక్యూరిటీ రకమో మార్చిన రోజున అది కూడా మారుతుంది. ఐఓఎస్ 18లో ఈ సెట్టింగ్‌కు మూడు స్థాయిలున్నాయి: ఆఫ్, ఫిక్స్‌డ్, రొటేటింగ్. రొటేటింగ్‌లో ఉన్న ఫోన్‌కు రిజర్వేషన్ పెట్టడం నీటి మీద రాతే. సొంత ఇంటి నెట్‌వర్క్‌కు ఫిక్స్‌డ్ పెడితే సరిపోతుంది, పూర్తిగా ఆపేయాల్సిన పని లేదు.

కల్పిత మ్యాక్‌ను చూడగానే గుర్తుపట్టొచ్చు. మ్యాక్‌ను రాసినప్పుడు రెండో స్థానంలో 2, 6, ఎ, ఇ అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటే, అది ఫ్యాక్టరీలో ఇచ్చినది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నది. మొదటి బైట్‌లోని ఒక బిట్ ఈ సంగతి చెబుతుంది. 48తో మొదలయ్యేది ఫ్యాక్టరీది, 42తో మొదలయ్యేది కల్పితం. రౌటర్ జాబితాలో పేరులేని పరికరాలు నాలుగు కనిపించి, నాలుగింటి రెండో అంకె ఇలా ఉంటే, అవి నాలుగు కాకపోవచ్చు. ఒకే ఫోన్ వేర్వేరు రోజుల్లో వేసిన వేషాలు కావచ్చు.

లాప్‌టాప్‌ల తీరు ఇంకొకటి. వైఫైకి ఒక మ్యాక్, కేబుల్ పోర్టుకు ఇంకొకటి. రిజర్వేషన్ వైఫై మ్యాక్‌కు పెట్టి, తర్వాత కేబుల్ గుచ్చితే వేరే అడ్రస్ వస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా కేబుల్ గుచ్చితే మ్యాక్ సాధారణంగా అడాప్టర్‌దే. అంటే ఆ రిజర్వేషన్ లాప్‌టాప్‌ను వదిలి అడాప్టర్ వెంట తిరుగుతుంది, దాన్ని ఎవరు గుచ్చుకుంటే వాళ్లకు ఆ అడ్రస్ దక్కుతుంది. ఒకే ఐపీకి రెండు మ్యాక్‌లు రాసుకోవడానికి డీఎన్ఎస్‌మాస్క్ ఒప్పుకుంటుంది, కాకపోతే రెండూ ఒకేసారి ఆన్‌లో ఉండకూడదన్న షరతుతో. వైఫై ఆపకుండానే కేబుల్ గుచ్చే అలవాటు ఉంటే ఈ ఉపాయం జోలికి పోకపోవడమే మంచిది.

వైఫై రిపీటర్లు కూడా ఇక్కడ వేలు పెడతాయి. కొన్ని రిపీటర్లు తమ వెనక ఉన్న పరికరాల మ్యాక్‌ను ఉన్నదున్నట్టు పంపకుండా వేరే మ్యాక్‌తో పంపుతాయి. కెమెరా నేరుగా రౌటర్‌కు అంటుకున్నప్పుడు ఖాయం చేసిన అడ్రస్ వస్తుంది, రిపీటర్‌కు అంటుకున్నప్పుడు రాదు. సిగ్నల్‌ను బట్టి కెమెరా అటూ ఇటూ మారుతుంటే, అడ్రస్ కూడా కారణం లేకుండా మారుతున్నట్టే కనిపిస్తుంది. ఇలాంటప్పుడు రౌటర్ జాబితాలో ఆ కెమెరా రెండు మ్యాక్‌లతో కనిపిస్తుందేమో చూస్తే గుట్టు బయటపడుతుంది.

మ్యాక్ ఒక్కటే కాదు

డీహెచ్‌సీపీలో 61వ నంబర్ ఆప్షన్ ఒకటుంది, క్లయింట్ ఐడెంటిఫయర్. పరికరం దాన్ని పంపితే, సర్వర్ మ్యాక్‌ను పక్కనపెట్టి ఈ ఐడీనే గుర్తింపుగా తీసుకోవాలని ప్రమాణం చెబుతుంది. విండోస్ ఇందులో మ్యాక్‌నే పెట్టి పంపుతుంది కనుక తేడా తెలియదు. కొన్ని లినక్స్ వ్యవస్థలు మాత్రం మెషీన్ ఐడీ నుంచి తయారు చేసిన వేరే సంఖ్యను పంపుతాయి. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంటే, ఒకే మ్యాక్ ఉన్నా రౌటర్ కళ్లకు ఇద్దరు క్లయింట్లుగా కనబడటం ఇందుకే.

దీనికి తలకిందులుగా ఉండే కేసు వర్చువల్ మెషీన్లతో (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లతో) వస్తుంది. ఒక ఉబుంటు మెషీన్‌ను తయారు చేసి దాన్నే నాలుగుసార్లు కాపీ చేస్తారు. వాటిని నడిపే ప్రోగ్రామ్, అంటే హైపర్‌వైజర్, నాలుగింటికీ వేర్వేరు మ్యాక్‌లు ఇస్తుంది. కానీ లోపలి మెషీన్ ఐడీ ఫైలు నాలుగింటిలోనూ ఒకటే. నాలుగూ ఒకే క్లయింట్ ఐడీ పంపుతాయి, నాలుగింటికీ ఒకే ఐపీ వస్తుంది. మ్యాక్‌లు వేరుగా ఉన్నా అడ్రస్ ఎందుకు ఒకటైందో అర్థం కాక గంటలు పోగొట్టుకోవడం ఇక్కడ మామూలే. కాపీల్లో మెషీన్ ఐడీని ఖాళీ చేసి మళ్లీ పుట్టించడం, లేదా క్లయింట్ ఐడీగా మ్యాక్‌నే పంపమని నెట్‌వర్క్ సెట్టింగుల్లో చెప్పడం దీనికి మందు.

పట్టిక చదవని రెండో సర్వర్

ఇంటర్నెట్ కనెక్షన్‌తో వచ్చిన మోడెమ్‌లోనే రౌటర్ ఉంటుంది. దాని వైఫై చాలక ఇంకో రౌటర్ కొని, రెండింటి ల్యాన్ (ఇంటి లోపలి వైపు) పోర్టులనూ కేబుల్‌తో కలుపుతారు. రెండింటిలోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంటుంది. ఇప్పుడు డిస్కవర్ కేక ఇద్దరికీ వినిపిస్తుంది, ఇద్దరూ ఆఫర్ పంపుతారు. పరికరం సాధారణంగా ముందు వచ్చిన దాన్ని తీసుకుంటుంది. రిజర్వేషన్ ఉన్నది ఒక్క రౌటర్‌లోనే కదా, అది ముందు పలికిన రోజు సరైన అడ్రస్, రెండోది ముందు పలికిన రోజు ఇంకేదో. ఒక రోజు పనిచేసి ఒక రోజు పనిచేయని రిజర్వేషన్ వెనక దాదాపు ఎప్పుడూ ఇలాంటి రెండో గొంతు ఉంటుంది. పరికరంలో 'డీహెచ్‌సీపీ సర్వర్' అని చూపించే అడ్రస్‌ను గమనిస్తే లీజు ఎవరిచ్చారో తెలిసిపోతుంది. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే అందించేలా) పెట్టినా, దాని డీహెచ్‌సీపీని ఆపేసినా సమస్య తీరుతుంది.

రెండో రౌటర్‌ను ల్యాన్‌తో కాక వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టుతో కలిపితే కథ వేరు. అప్పుడు రెండు సబ్‌నెట్‌లు ఏర్పడతాయి. ఒక దానిలోని ప్రింటర్‌కు అడ్రస్ ఎంత చక్కగా ఖాయం చేసినా, మొదటి రౌటర్‌లో ఉన్నవాళ్లకు రెండో దాని వెనకున్నది మామూలుగా అందదు. అది రిజర్వేషన్‌తో తీరే సమస్య కాదు.

రిజర్వేషన్ సరిపోని చోట్లు

కొన్నిటికి చేత్తో రాసిన అడ్రసే కావాలి. రౌటర్‌కు తన అడ్రస్ తనే తెలిసి ఉండాలి. డీహెచ్‌సీపీ సర్వర్ వేరే మెషీన్‌లో నడిపితే దానికీ అంతే, తనకు తానే లీజు ఇచ్చుకోలేదు. రౌటర్ మొండికేసినప్పుడు కూడా చేరుకోవాల్సిన మేనేజ్డ్ స్విచ్, ఇంటికంతటికీ డీఎన్ఎస్ చూసే చిన్న సర్వర్ కూడా ఈ కోవలోనివే. కరెంటు పోయి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. చిన్న పరికరాలు సెకన్లలో లేస్తాయి, రౌటర్‌కు నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. ఈలోగా అడిగి అడిగి జవాబు రాని పరికరం 169.254తో మొదలయ్యే అడ్రస్‌ను తనంతట తాను పెట్టుకోవచ్చు. మంచి పరికరాలు తర్వాత మళ్లీ అడుగుతూనే ఉంటాయి. చవకబారు ఫర్మ్‌వేర్ ఉన్నవి కొన్ని అక్కడే కూర్చుంటాయి. అలాంటి పరికరానికి చేత్తో రాయడమే దిక్కు. రాసినా, అదే అడ్రస్‌ను రౌటర్‌లో కూడా దాని పేరుమీద రిజర్వ్ చేసి ఉంచితే, లెక్క ఒకే చోట ఉంటుంది, పొరపాటున ఇంకొకరికి వెళ్లదు.

రిజర్వేషన్‌ను భద్రతా ఏర్పాటుగా చూడటం మాత్రం తప్పు. 'ఈ అడ్రస్ పిల్లల ట్యాబ్‌ది, దీనికి రాత్రి పదింటికి ఇంటర్నెట్ ఆపు' అని రూల్ పెడితే, ట్యాబ్‌లో వేరే అడ్రస్ చేత్తో రాసుకున్నా, మ్యాక్ మార్చుకున్నా రూల్ దాటిపోతుంది. మ్యాక్ మార్చడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదని పైన చెప్పుకున్న ఫోన్ సెట్టింగే చూపిస్తోంది.

ఐపీ అడ్రస్‌ల కొత్త తరమైన ఐపీవీ6లో ఈ ఆట నియమాలే వేరు. అక్కడ పరికరాలు రౌటర్ ప్రకటించే ప్రిఫిక్స్‌ను (అడ్రస్ మొదటి భాగాన్ని) తీసుకుని మిగతా సగం తామే తయారు చేసుకుంటాయి. ప్రైవసీ కోసం ఆ సగాన్ని మారుస్తూ కూడా ఉంటాయి. డీహెచ్‌సీపీవీ6తో రిజర్వేషన్ పెట్టొచ్చు, కానీ అక్కడ గుర్తింపు మ్యాక్ కాదు, డీయూఐడీ అనే సంఖ్య. పైగా ఆ పద్ధతిలో అడ్రస్ తీసుకోవడానికి ఆండ్రాయిడ్ ఏళ్లపాటు ఒప్పుకోలేదు. ప్రొవైడర్ ప్రిఫిక్స్ మార్చిన రోజున ఎలాగూ మొత్తం మారిపోతుంది. ఇంటి లోపలి ప్రింటర్‌కో ఫైల్ సర్వర్‌కో ఐపీవీ4 రిజర్వేషన్ చాలు. అడ్రస్‌కు బదులు పేరుతో పిలవగలిగితే ఇంకా మంచిది. డీఎన్ఎస్‌మాస్క్ లాంటివి రిజర్వేషన్ వరుసలో రాసిన పేరునే స్థానిక డీఎన్ఎస్‌లో కూడా ఇస్తాయి.

రౌటర్ మార్చే రోజు

పట్టిక అంతా ఒకే చోట ఉండటం ఎంత సుఖమో, ఆ చోటు పోయిన రోజు అంత కష్టం. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే రిజర్వేషన్లన్నీ పోతాయి. బ్యాకప్ ఫైలు ఉన్నా, అది అదే మోడల్‌కు పనికొస్తుందే తప్ప వేరే కంపెనీ రౌటర్‌లోకి ఎక్కదు. అందుకే పట్టిక ఫొటో ఒకటి, లేదా పేరు, మ్యాక్, ఐపీ అని మూడు గడులతో ఒక చిన్న ఫైలు పక్కన ఉంచుకోవాలి. ఆ ఫైలు రౌటర్‌ను దాటి అందుకోగలిగే చోట ఉండాలి. రౌటర్ వెనకున్న ఫైల్ సర్వర్‌లో దాస్తే అవసరమైన పూట దొరకదు.

కొత్త రౌటర్‌లో చేసే క్రమం కూడా ముఖ్యమే. పాత నెట్‌వర్క్ 192.168.1తో ఉండి, కొత్తది పెట్టెలోంచి 192.168.0తో రావచ్చు. ముందు కొత్తదాని ల్యాన్ అడ్రస్‌ను పాతదానిలా మార్చాలి, తర్వాత పూల్ సరిచేయాలి, ఆ తర్వాతే రిజర్వేషన్లు రాయాలి. వరస తప్పితే, ల్యాన్ అడ్రస్ మార్చిన క్షణంలో అప్పటిదాకా టైప్ చేసిన పట్టిక పనికిరాకుండా పోవచ్చు. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం కూడా పాతవే ఉంచితే ఆండ్రాయిడ్ ఫోన్ల కల్పిత మ్యాక్‌లు సైతం మారవు. ఇదంతా పాత రౌటర్‌ను ఆపేశాక, కొత్తదానికి ఒక్క లాప్‌టాప్ మాత్రమే కేబుల్‌తో కలిపి చేసుకుంటే, మిగతా పరికరాలు ఒక్కొక్కటే లేచి పాత అడ్రస్ అడిగినప్పుడు కొత్త రౌటర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.